చిలక పలికిన ‘ఉన్నా’

శుక్రవారం రాత్రి మా ఊళ్ళో బస్సులన్నీ డిపోకి చేరాక ఒక్క బస్సు మాత్రం బయటికొస్తుంది. డాన్సు హాళ్ళు కట్టేశాక రోడ్డున పడే కాలేజీ పిల్లల్ని ఏరుకుని ఎవరి గదుల దగ్గర వాళ్ళని దింపడం దాని పని. ఆ బస్సు డ్రైవరంటే పిల్లలకి నవ్వులాట. అందరూ ఎక్కి కూర్చున్నాక కూడా బండి కదపడు. అద్దంలోకి చూస్తూ, “మీతో వచ్చినవాళ్ళందరూ ఎక్కారా?” అని అడుగుతాడు. “ఎక్కారు, ఎక్కారు, పోనివ్వు” అని ఎవడో ఒకడు అందరి తరఫునా చెబితే ఒప్పుకోడు. ఎవరి నోటితో వాళ్ళు చెప్పాలి. వెనక సీట్లో గుర్రుపెట్టేవాణ్ణి కూడా లేపి చెప్పించాల్సిందే. ఒకమ్మాయి విసుగెత్తి పైవాళ్ళకి ఫిర్యాదు చేసింది. వాళ్ళు పిలిచి గడ్డిపెట్టారు. బుద్ధిగా తలూపి వచ్చాడు. మళ్ళీ శుక్రవారం అదే పాట.

ఆ డ్రైవరు మావాడే. మావాడంటే చుట్టమో పక్కమో కాదు, చదువు పేరుతో దేశం దాటి ఈ ఊరొచ్చి ఒకే కప్పు కింద పడ్డవాళ్ళం. ఇప్పుడు ఆదివారాలు మా ఇంటికి భోజనానికొస్తాడు. మా ఆయనతో చదరంగం ఆడి ఓడిపోతాడు. మా పిల్ల వాడి ఒళ్ళో ఎక్కి, “మామయ్యా, కాకిలా అరువు” అంటే, “నాకు రాదమ్మా” అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు వంటింట్లో చెయ్యి ఆగిపోతుంది. వాడికి రాని గొంతు ఈ భూమ్మీద లేదు.

అందుకే వాణ్ణి చిలక అనేవాళ్ళం. బస్సులో స్టాపుల పేర్లు చెప్పే ఆడగొంతు, మా ప్రొఫెసరు ముక్కుతో లాగే మాట, పక్క వాటా ముసలాయన దగ్గు, అంట్ల గిన్నెల మీద నా విసుగు, అన్నీ వాడి నాలిక చివర ఉండేవి. ఒకసారి నా గొంతుతో మా అమ్మతో ఫోన్లో మాట్లాడాడు. మా అమ్మకి అనుమానమే రాలేదు, “జలుబు చేసిందా ఏవిటే?” అని మాత్రం అడిగింది. మన దేశంలో కాలేజీలో చదివేటప్పుడు సగం క్లాసుకి హాజరు వాడే పలికేవాడట. లెక్చరరు తలెత్తకుండా పేర్లు చదువుకుంటూ పోతుంటే, వెనక బెంచీలో కూర్చుని ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్క గొంతుతో ‘ఎస్ సార్’ అనడం. సినిమాకి పోయినవాడికీ హాజరే, పెళ్ళికి పోయినవాడికీ హాజరే. “నా ప్రాక్సీ ఒక్కటి కూడా దొరకలేదు అత్తా” అని చెప్పుకునేవాడు, అదేదో పట్టా పుచ్చుకున్నట్టు. మనవాళ్ళలో ప్రాక్సీ చెప్పడం తప్పని ఎవరనుకుంటారు? స్నేహితుడికి చేసే చిన్న సాయం అది. చెప్పననేవాడే ద్రోహి.

అత్తా అన్నది నన్నే. ఇంట్లో నేను గయ్యాళిదాన్నని అత్తగారని బిరుదిచ్చారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి సంగతి నాకు తెలుసు కాబట్టి ఊరినేమీ అనను.

ఆ ఇంట్లో మాతో ఇంకో ఇద్దరుండేవారు. ఒకావిడ మా అందరికన్నా పెద్దది, డాక్టరేటు చేస్తుండేది, అందరం అక్కా అనేవాళ్ళం. కానీ చాటుగా పేరు వార్డెను. పైన అటక గదిలో నిచ్చెన ఉండేవాడు. అంత పొడుగు మనిషి. పై అరలోంచి డబ్బా కావాలంటే స్టూలు వెతకడం మానేసి వాణ్ణే కేకేసేవాళ్ళం. అటక గది కప్పుకి రోజూ తల కొట్టుకునేవాడు, రోజూ కొత్తగా ఆశ్చర్యపోయేవాడు. తండ్రి లేడు. తల్లి బస్సు కండక్టరు. “మా అమ్మ రైట్ అంటేగానీ మా ఇంట్లో గోడగడియారం కూడా కదలదు” అనేవాడు నవ్వుతూ.

శుక్రవారం వచ్చిందంటే నలుగురం బయల్దేరేవాళ్ళం. బట్టలకొట్టు కింద నేలమాళిగలో ఒక డాన్సు హాలుండేది. గోడలకి చెమట పట్టేది, నేల చెప్పులకి అంటుకునేది. గుమ్మంలో నిలబడ్డ మనిషి చేతి వెనక ఒక చేప ముద్ర కొట్టి లోపలికి వదిలేవాడు. ఆ ముద్ర సోమవారం క్లాసులో కూడా మాసిపోకుండా మమ్మల్ని పట్టించేది. చలికాలమైనా సరే కోట్లు ఇంట్లోనే వదిలి వెళ్ళేవాళ్ళం. లోపల కోట్లు దాచే కిటికీ దగ్గర వరస ఒక పట్టాన తెమిలేది కాదు మరి. వెళ్ళేటప్పుడు పరుగు, వచ్చేటప్పుడు డాన్సు వేడి. పడుచుతనంలో చలి మనకి కాదు, పక్కవాడికి అనుకుంటాం.

తిరిగొచ్చేటప్పుడు వార్డెనక్క ఒక పద్ధతి పెట్టింది. తలలు లెక్కపెడితే దిష్టి అని వాళ్ళ అమ్మమ్మ చెప్పిందట, అందుకని లెక్క ఉండదు, పిలుపు ఉంటుంది. హాలు గుమ్మంలో ఒకసారి, నది మీద వంతెన నడుమ ఒకసారి, ఇంటి తలుపు తాళం తిప్పేముందు ఒకసారి ఆవిడ మా పేర్లు పిలిచేది. పిలిచినవాళ్ళు ‘ఉన్నా’ అనాలి. ఒక్కరు పలకకపోయినా అందరూ ఆగాలి. ఆవిడ గొంతు మైకు అక్కర్లేని గొంతు, నది ఇటువైపు పిలిస్తే అటువైపు కుక్కలు లేచేవి. మేం నవ్వుకునేవాళ్ళం గానీ, నిజం చెప్పొద్దూ, పరాయి ఊళ్ళో ఆ చీకట్లో మన పేరు ఒకరు పిలిచారంటే కడుపు నిండినట్టుండేది.

అటువంటి ఒక శుక్రవారం మంచు పొగ బాగా కమ్మింది. వీధి దీపాలు ఉన్నాయో లేవో తెలియడం లేదు. హాల్లోంచి బయటికొచ్చి గుమ్మంలో పోగయ్యాం. అక్క పేర్లు పిలిచింది. నేను పలికాను. చిలక పలికాడు. నిచ్చెన పలికాడు. చలికి తలలు వంచుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని నడుస్తున్నాం, ఎవరి మొహం ఎవరు చూశారు గనక? వంతెన నడుమ అక్క మళ్ళీ పిలిచింది. “నిచ్చెనా!” అంటే “ఉన్నా” అని నా వెనకనుంచి వినబడింది. ఒక క్షణం ఆగి, ఇంకా వెనకగా, కింద పొగలోంచి మళ్ళీ ‘ఉన్నా’ అని వినబడింది. ఆ వంతెనకి మాట తిరిగొచ్చే గుణం ఉంది, కమాను కింద మాట తగిలి వెనక్కొస్తుంది. చిలక ఎన్నోసార్లు దానితో సరసాలాడాడు. అందుకని ఎవరమూ పట్టించుకోలేదు. ఇంటి తలుపు దగ్గర మళ్ళీ పిలుపు, మళ్ళీ ‘ఉన్నా’, ‘ఉన్నా’, ‘ఉన్నా’. తాళం తిరిగింది. లోపల మాటలు కూడా లేకుండా ఎవరి దుప్పట్లోకి వాళ్ళం దూరిపోయాం.

పొద్దున్న వంటిల్లు కడగడం నిచ్చెన వంతు. ఎంతకీ దిగిరాకపోతే నేను గరిటె పుచ్చుకుని అటక మెట్లెక్కాను, ఎక్కుతూనే నాలుగు తిట్లు తిట్టాను. పక్క నలగలేదు. దుప్పటి మడత మడతలాగే ఉంది.

నది పక్కన, హాలు వైపు గట్టున ఆటస్థలం ఉంది. దానికి అడ్డంపడి వస్తే వంతెనకి దగ్గర దారి. ఆ ఆటస్థలానికి గీతలు గీసే పనివాడికి వాడు కనబడ్డాడట. పనిముట్లు దాచే కొట్టుగది మెట్ల మీద, గోడకి చేరబడి కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. వంటి మీద పల్చటి చొక్కా. ఆస్పత్రిలో వాడి చెయ్యి చూపించారు. వెనక చేప ముద్ర. నా చేతి మీదా అదే ముద్ర. తరవాత ఎన్ని రోజులు సబ్బుతో రుద్దుకున్నానో నాకే తెలీదు, తోలు ఊడింది గానీ చేప పోలేదనిపించేది.

పోలీసులు మా వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని అడిగారు. వార్డెనక్క ఏడుస్తూనే తడబడకుండా చెప్పింది.

“ఇంటిదాకా మాతోనే వచ్చాడు. తలుపు దగ్గర పిలిస్తే పలికాడు. నా చెవులతో విన్నాను.”

నేనూ విన్నానన్నాను. నిజమే, విన్నాను. చిలక నేల చూపులు చూస్తూ తలూపాడు. అయితే లోపలికొచ్చినవాడు మళ్ళీ ఎందుకో బయటికి వెళ్ళాడు, కాస్త తాగి ఉన్నాడు, చలికి పోయాడు అని తేల్చారు. ఎందుకు వెళ్ళాడన్నది వాళ్ళకి అనవసరం. మాకు మాత్రం ఆ ‘ఎందుకు’ ఇంట్లో ఇంకో మనిషిలా కాపరం పెట్టింది.

అంతకన్నా పెద్ద కాపరం వాళ్ళమ్మ దగ్గర పెట్టింది. మనిషిని పెట్టెలో పంపించాక ఆవిడ ఫోన్ చేసింది. గట్టి గొంతు, రద్దీ బస్సులో చివరి సీటుదాకా వినబడే గొంతు. ఆ గొంతు అంత చిన్నదైపోవడం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు.

“వాడు ఆఖర్న ఏమన్నాడు తల్లీ?”

“‘ఉన్నా’ అన్నాడమ్మా. తలుపు దగ్గర పేరు పిలిస్తే ‘ఉన్నా’ అన్నాడు” అంది వార్డెనక్క.

ఆ మాట ఆవిడ పట్టుకుంది. ప్రతి ఫోన్‌లోనూ అదే అడిగేది, అదే చెప్పించుకునేది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు ఆ తల్లికి ‘ఉన్నా’ దొరికింది. కానీ దాని వెనకే రెండో ప్రశ్న వచ్చేది.

“ఇల్లు చేరినవాడు మళ్ళీ ఎందుకెళ్ళాడమ్మా?”

కొన్నాళ్ళకి దాని మూలం కూడా తనే చెప్పింది. ఆ వారమే తల్లీకొడుకులు పోట్లాడుకున్నారు. ఒక పరీక్ష తప్పిందనీ, ఈ చదువు తన వల్ల కాదనీ, వచ్చేస్తాననీ వాడన్నాడు. ఈవిడకి ఒళ్ళు మండింది. “అది పూర్తి చెయ్యకుండా నా గడప తొక్కకు” అంది. అదే తల్లి వాడితో మాట్లాడిన ఆఖరి మాట.

“గడప తొక్కద్దన్నానని ఏ గడపా వద్దనుకుని వెళ్ళిపోయాడేమో తల్లీ. నా నోటితో నేనే చంపుకున్నానేమో” అని ఏడ్చేది.

వార్డెనక్క ఇది భరించలేకపోయింది. తలుపు తీసింది తనే, వేసింది తనే, మళ్ళీ తెరుచుకున్న చప్పుడు తనకెందుకు వినబడలేదని తనని తాను తినేసేది. చదువు ముగియగానే వేరే ఊరికి వెళ్ళిపోయింది, వెళ్ళేముందు నిచ్చెన తల్లి ఫోన్లు నాకు అప్పజెప్పింది. చిలక క్లాసులకి పోవడం మానేసి రొట్టెలు కాల్చేచోట రాత్రి పనికి కుదిరాడు. గొంతులు చెయ్యడం కూడా మానేశాడు. ఎవరైనా అడిగితే చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గేవాడు. దిగులనుకున్నాను.

అప్పటినుంచి ఆ ఇంట్లో నాకు వినబడడం మొదలైంది.

నా గది వీధి తలుపు పక్కనే. తెల్లవారడానికి ఇంకా చాలా ఉందనగా మెలకువ వచ్చేది. బయట మెట్ల మీద ఎవరో నిలబడ్డట్టుండేది. తలుపు తట్టరు, తాళం తిప్పరు. కాసేపటికి మెల్లిగా, స్పష్టంగా, నిచ్చెన గొంతు ‘ఉన్నా’ అనేది.

నేను సైన్సు చదువుకున్నదాన్ని. అయినా దుప్పటి ముసుగేసి దేవుళ్ళందరినీ వరసపెట్టి పిలిచేదాన్ని, వాళ్ళలో ఒక్కరూ ‘ఉన్నా’ అన్న పాపాన పోలేదు. చెవుల మీద దిండు అదుముకుని అలాగే నిద్రపోయేదాన్ని. అటక గదిలోకి కొత్తగా వచ్చిన కుర్రాడు కూడా ఒకరోజు భయం భయంగా, “కింద రాత్రిపూట ఎవరొస్తారండీ?” అని అడిగాడు. నెల తిరక్కుండా సామాను సర్దుకున్నాడు. చిలకకి చెబితే, “గాలి అత్తా” అన్నాడు. గాలికి తెలుగు వచ్చా అని అడిగాను. వాడు నవ్వలేదు.

భయం ఎన్నాళ్ళుంటుంది? నా వంటి మనిషికి భయం ముదిరితే కోపమవుతుంది. మళ్ళీ చలికాలం వచ్చిన ఒక రాత్రి మెట్ల మీద అడుగులు ఆగగానే లేచాను. దెయ్యమైనా సరే, వేళాపాళా లేకుండా గుమ్మంలో నిలబడి ఆడపిల్లని భయపెడితే ఊరుకుంటానా అనుకుని చపాతీ కర్ర పుచ్చుకున్నాను. తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాను. అవతల ఎవరో గొణిగారు. “నిచ్చెనా...” అని వార్డెనక్క గొంతు. ఆవిడ ఊరు విడిచి ఎన్నాళ్ళయిందని! ఆ వెంటనే నిచ్చెన గొంతు, “ఉన్నా.”

తలుపు లాగాను.

చిలక. చొక్కా చేతులకి పిండి, జుట్టులో మంచు, కళ్ళు గట్టిగా మూసుకుని, నోరు ఇంకా తెరిచే ఉంది. ఆ గొంతు ఆ నోట్లోంచి ఇంకా పూర్తిగా బయటికి రాలేదు.

కర్ర ఎక్కడ పడేశానో తెలీదు. వాడి చొక్కా పట్టుకుని లోపలికి లాగాను. “ఏం చేస్తున్నావురా? పిచ్చెక్కిందా?”

“వాడు లోపలికి రాలేదు అత్తా.”

“ఎవరు?”

“ఆ రాత్రి వాడు మనతో రానే లేదు.”

ఆ మెట్ల మీదే కూర్చుని చెప్పాడు. హాలు గుమ్మంలోకి రాకముందే నిచ్చెన వీడి చెవిలో ఊదాడట, వాడి ల్యాబులో పనిచేసే అమ్మాయి లోపల కనబడిందని, రెండు మాటలు మాట్లాడి వచ్చేస్తానని. “అక్కకి తెలిస్తే అందర్నీ చలిలో నిలబెడుతుంది. నా పేరుకి నువ్వు పలుకు మామా” అన్నాడట. చిలకకి అదెంత పని? గుమ్మంలో పలికాడు. వంతెన మీద పలికాడు. తలుపు దగ్గర పలికాడు. జీవితంలో ఎప్పుడూ దొరకని ప్రాక్సీ ఆ రోజూ దొరకలేదు.

“పోలీసులడిగినప్పుడు నోరు పెగల్లేదు అత్తా. తరవాత చెబుదామనుకున్నాను. ఈలోపు వాళ్ళమ్మకి అక్క ఆ మాట చెప్పేసింది. ఆవిడకి మిగిలింది ఆ ఒక్క ‘ఉన్నా’. అది వాడిది కాదు, నాది. దాన్ని కూడా ఎలా లాక్కోను?”

“మరి రోజూ ఈ పాడు పనేవిటి?”

“వాడింకా బయటే ఉన్నాడు. ఎవరో ఒకరు పిలవాలి కదా. పిలిస్తే పలకాలి కదా. వాడు పలకట్లేదు. అందుకని నేనే...” అని వెక్కివెక్కి ఏడ్చాడు.

జాలి పడ్డానని రాస్తే అబద్ధం. నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. అక్కడ ఒక తల్లి తన నోటితో కొడుకుని తరిమేశానని రోజూ చస్తుంటే, వీడు ఇక్కడ మెట్ల మీద నిలబడి నాటకమాడుతున్నాడా? చెంప పగలగొట్టాను. చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టాను. వాడు తప్పుకోలేదు. కాసేపయ్యాక నేనే పక్కన కూలబడి వాడి తల పట్టుకున్నాను.

“చెప్పాలిరా” అన్నాను. “గడ్డిపోచని పట్టుకుని ఎంతసేపు తేలుతుంది ఆవిడ?”

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేసే వేళ. వంటింటి బల్ల మీద ఫోన్ పెట్టి, చిలకని ఎదురుగా కూర్చోబెట్టాను. కిటికీలోంచి మంచి ఎండ పడుతోంది, బల్ల మీద నూనె మరకలు కూడా కనబడుతున్నాయి. ఎప్పటిలాగే ఆవిడ అడిగింది.

“ఎలా ఉన్నావు తల్లీ? ఆ రాత్రి తలుపు దగ్గర మావాడు...”

“అమ్మా, మా చిలక మీతో మాట్లాడతాడు” అన్నాను.

చెప్పాల్సినవన్నీ వాడు రాత్రంతా కూడబలుక్కున్నాడు, ఒక్కటీ రాలేదు. చివరికి కళ్ళు మూసుకుని, వాడికి వచ్చిన ఒకే ఒక్క విధంగా చెప్పాడు. నిచ్చెన గొంతుతో, “ఉన్నా” అన్నాడు.

అటువైపు ఆవిడ పడిపోతుందేమోనని భయపడ్డాను.

“ఎవరు నాయనా అది?” అంది ఆవిడ నిదానంగా. “మావాడు కాదు.”

చిలక కళ్ళు తెరిచాడు. లెక్చరర్లు కనిపెట్టలేదు, వార్డెనక్క కనిపెట్టలేదు, నేను నెలల తరబడి దుప్పట్లో దడుచుకున్నాను. ఆ తల్లి ఒక్క ముక్కలో పట్టేసింది.

“బాగానే చేశావు. కానీ మావాడికి చిన్నప్పటినుంచీ ఉబ్బసం. చల్లగాలి తగిలినా, పరుగెత్తినా పట్టేసేది. మాట చివర ఇంత గాలి వదుల్తాడు, హూ అని. తగ్గిపోయిందని అందరికీ చెప్పుకునేవాడు. తగ్గలేదు. రద్దీలో ఒకడి పాసుకి ఇంకొకడు ‘పాస్’ అంటేనే నాకు తెలుస్తుంది, నా కొడుకు గొంతు నాకు తెలీదా? ఎందుకు చేశావు బాబూ ఇలాగ?”

అప్పుడు చెప్పాడు. ఏదీ దాచకుండా, తన సొంత గొంతుతో, ముక్కలు ముక్కలుగా. హాల్లో చెవిలో ఊదిన మాట, గుమ్మం, వంతెన, తలుపు. వంతెన దగ్గరికి మళ్ళీ వచ్చి చిలక ఆగిపోయాడు.

“అత్తా” అన్నాడు నా వైపు చూసి. “వంతెన మీద రెండోసారి వినబడింది గుర్తుందా?”

“ప్రతిధ్వని కదురా.”

“దాని చివర గాలి ఉంది.”

నాకు ముందు అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. చిలక అన్న ‘ఉన్నా’కి గాలి లేదు. లేని గాలి ప్రతిధ్వనిలోకి ఎక్కడినుంచి వస్తుంది? వార్డెనక్క గొంతు నది దాటి ఆటస్థలం దాకా వెళ్ళింది. పొగలో ఎక్కడో పరుగెత్తుకొస్తున్నవాడు తన పేరు విన్నాడు. విని పలికాడు. మేం వంతెన మాట తిరిగొచ్చిందనుకుని నడిచి వెళ్ళిపోయాం. ఇంకాస్త ఆగి ఉంటే, ఇంకొక్కసారి పిలిచి ఉంటే అన్న మాట చిలక పైకి అనలేదు, నేనూ అనలేదు. కానీ ఆ రోజునుంచి మా ఇద్దరిలో ఎవరం వంతెన మీద ఆగకుండా నడవలేం.

“ఎటునుంచి వినబడింది నాయనా?” అంది ఆవిడ. గొంతు మారింది. చివరి సీటుదాకా వినబడే ఆ గొంతు తిరిగొచ్చింది.

“వెనకనుంచి అమ్మా. హాలు వైపునుంచి.”

“మీ ఇల్లు ముందుందా, వెనకుందా?”

“ముందు.”

“అయితే వాడెక్కడికీ పోలేదు” అంది ఆవిడ. “ఇంటికే వస్తున్నాడు.”

ఆ మాట మళ్ళీ మళ్ళీ అనుకుంది. ఇంటికే వస్తున్నాడు, వాడు ఇంటికే వస్తున్నాడు. ఇన్నాళ్ళూ ఏడ్చిన ఏడుపు కాదు, ఇది వేరే ఏడుపు. ఫోన్‌కి ఇటువైపు మేమిద్దరం కూడా ఏడ్చాం. కాసేపటికి ఆవిడ ముక్కు తుడుచుకున్న చప్పుడు వినబడింది.

“నువ్వు చేసింది చిన్న తప్పు కాదు బాబూ. వాడి పేరుకి నువ్వు పలకడం కాదు, అది కుర్రతనం. ఇన్నాళ్ళు నాకు చెప్పకపోవడం. కొడుకు పోయిన రాత్రికన్నా ఈ ఏడాది నన్నెక్కువ చంపింది.”

“క్షమించమని అడగను అమ్మా.”

“అడక్కు. ఒకటి మాత్రం విను. వాడి గొంతు ఇంకెప్పుడూ ఎత్తకు. వాడి పేరుకి వాడే పలికాడు. ఇంక నువ్వు పలకక్కర్లేదు.”

ఫోన్ పెట్టేసింది.

తరవాత చిలక బస్సు నడపడం నేర్చుకున్నాడు. ఆవిడ కండక్టరు కాబట్టి వీడు డ్రైవరయ్యాడని నేను కథలల్లను. రాత్రి పని అలవాటైనవాడు, బండి తిప్పే ఉద్యోగం ఖాళీగా ఉంది, అంతే. ఆవిడ ఇప్పటికీ ఫోన్ చేస్తుంది గానీ ఏమీ అడగదు, తన బస్సులో జరిగిన తగాదాలు చెబుతుంది.

ఫోన్ మాట్లాడిన ఆ ఆదివారం రాత్రి మాత్రం నేను నిద్రపోలేదు. తెల్లవారుతుందనగా మెట్ల మీద అడుగులు వచ్చి ఆగాయి. దుప్పటి అంచు పట్టుకుని కాచుకున్నాను. చాలాసేపు ఏమీ వినబడలేదు. ఆ తరవాత ఎవరో తలుపు తట్టారు.

“అత్తా, నేనే” అన్నాడు చిలక, అరిగిపోయిన తన సొంత గొంతుతో. “తలుపు తియ్యి, చలేస్తోంది.”